మాగాణి, మెట్ట, లంక, పోడు: మయన్మార్ భూస్వరూపం, సేద్య మండలాలు

మన ప్రాంతంలో పప్పుధాన్యాల వ్యాపారం చేసేవారికి ‘బర్మా మినుములు’ కొత్త మాట కాదు. దేశీయ పంట తగ్గిన సంవత్సరాలలో ఇడ్లీ పిండికి, అప్పడాలకు, మినప గుళ్ళకు కావలసిన సరుకులో చెప్పుకోదగిన భాగం యాంగాన్ రేవు నుండి ఓడలలో వస్తుంది. అయితే ఆ మినుము ఏ నేలలో, ఏ తేమ మీద, ఏ పైరు తరువాత పండుతుందో తెలిసినవారు మనలో తక్కువ. మయన్మార్‌ను గురించి పత్రికలలో వచ్చేవి చాలావరకు రాజకీయ వార్తలే. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, మన ఋతుపవనాలనే పంచుకొంటూ, మన పంటలనే పండిస్తున్న ఆ దేశపు భౌగోళిక స్వరూపాన్ని సేద్య దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలనాపరంగా మయన్మార్‌లో ఏడు ప్రాంతాలు, ఏడు రాష్ట్రాలు, రాజధాని నేపిడా కేంద్రపాలిత భూభాగం ఉన్నాయి. బర్మీయులు అధికంగా ఉన్న మైదాన జిల్లాలను ప్రాంతాలు అనీ, షాన్, కచిన్, చిన్, రఖైన్ మొదలైన ఇతర జాతుల వారి భూభాగాలను రాష్ట్రాలు అనీ వ్యవహరిస్తారు. ఈ విభజన జాతులను తెలుపుతుంది గాని నేలను తెలుపదు. నేలను తెలుసుకోవడానికి అక్కడి రైతు వాడుకలోనూ, భూమి రికార్డులలోనూ ఉన్న మాటలు ఎక్కువ ఉపకరిస్తాయి. నీరు నిలిచే వరి భూమి ‘లె’. వర్షాధారపు మెట్ట ‘యా’. వరద తీసిన తరువాత నదీగర్భంలో తేలే ఒండ్రు భూమి ‘కైంగ్’. కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి సాగుచేసే పోడు ‘తౌంగ్యా’. తోట భూమి ‘ఉయిన్’. తెలుగు రైతుకు ఈ మాటలను వివరించనక్కరలేదు. మాగాణి, మెట్ట, లంక, పోడు, తోట అంటే సరిపోతుంది. ఈ అయిదు రకాల భూములు ఎక్కడెక్కడ, ఎందుకు ఏర్పడినవో గ్రహిస్తే ఆ దేశం దాదాపు పూర్తిగా అర్థమవుతుంది.

కొండల వరుసలు, నదుల బాటలు

మయన్మార్ విస్తీర్ణం సుమారు 6.77 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు రెండున్నర రెట్లు. ఉత్తరాన మంచుకొండల నుండి దక్షిణాన పదవ అక్షాంశం దాకా గాలిపటమూ దాని తోకా వలె ఈ దేశం సాగి ఉంటుంది. కర్కటరేఖ మాండలే నగరానికి కొంత ఉత్తరంగా దేశం మీదుగా పోతుంది.

ఈ దేశంలోని ప్రధాన పర్వతపంక్తులన్నీ ఉత్తర దక్షిణాలుగా, ఇంచుమించు సమాంతరంగా నడుస్తాయి. పడమట భారత సరిహద్దు వెంబడి పట్కాయ్, నాగా, చిన్ కొండలు, వాటికి దిగువన సముద్రతీరాన్ని ఆనుకొని రఖైన్ యోమా ఉన్నాయి. దేశం నడుమ తక్కువ ఎత్తు గల బగో యోమా. తూర్పున సగటున వేయి మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉండే షాన్ పీఠభూమి. దాని దక్షిణపు కొనసాగింపు తనింతారీ కొండలు. ఉత్తరపు కొనలో ఉన్న కాకబో రాజీ శిఖరం 5,881 మీటర్ల ఎత్తు.

కొండలు ఇట్లా నిలువుగా ఉన్నందున నదులూ నిలువుగానే పారుతాయి. మన గోదావరి, కృష్ణ పడమటి నుండి తూర్పుకు పారుతూ ఇంచుమించు ఒకే రకపు శీతోష్ణస్థితిలో ప్రయాణిస్తాయి. ఐరావతి నది అట్లా కాదు. కచిన్ రాష్ట్రంలో మాలీ, న్మాయ్ అనే రెండు ఏరుల సంగమంతో పుట్టి, సుమారు 2,170 కిలోమీటర్లు దక్షిణంగా పారి, చల్లని అడవులను, ఎండిన మెట్టను, జడివానల డెల్టాను వరుసగా దాటి సముద్రంలో కలుస్తుంది. పడమటి కొండల నీటిని తెచ్చే చింద్విన్ మధ్య మైదానంలో దీనిలో చేరుతుంది. బగో యోమాకు తూర్పున సిట్టాంగ్, షాన్ పీఠభూమిని లోతుగా కోసుకొంటూ చైనా నుండి వచ్చే తన్ల్విన్ ఇతర పెద్ద నదులు. తన్ల్విన్ పొడవులో ఐరావతిని మించినదే అయినా ఇరుకు లోయలలో పారడం వలన సేద్యానికి దాని ఉపయోగం స్వల్పం. ఐరావతిలో మాత్రం భామో వరకు పడవలు నడుస్తాయి. ధాన్యం, టేకు, నూనెగింజలు శతాబ్దాలుగా ఈ నీటిబాట మీదనే కదిలాయి.

వానచాటు: యా భూములు

నైరుతి ఋతుపవనం బంగాళాఖాతం మీద తేమను నింపుకొని రఖైన్ యోమాను ఢీకొంటుంది. ఆ కొండలకు పడమటనున్న సిట్వే రేవులో సంవత్సర వర్షపాతం నాలుగున్నర వేల మిల్లీమీటర్లకు పైమాటే. అక్కడి నుండి తిన్నగా తూర్పుకు రెండు వందల కిలోమీటర్లు పోతే ఐరావతి ఒడ్డున మగ్వే పట్టణం వస్తుంది. ఇక్కడ వర్షం సిట్వేలో కురిసే దానిలో అయిదవ వంతుకు మించదు. బగాన్ దగ్గరి న్యాంగ్ ఊ ప్రాంతంలో 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. పడమటి కనుమల చాటున రాయలసీమ ఎట్లా ఎండినదో, రఖైన్ యోమా చాటున మగ్వే, మాండలే, దిగువ సగాయిన్ జిల్లాలు అట్లాగే ఎండినాయి. ఈ భూభాగాన్నే మధ్య శుష్క మండలం అంటారు.

అనంతపురం జిల్లా రైతును తీసుకుపోయి ఇక్కడ దింపితే తన ఊరి పొలిమేరలోనే ఉన్నాననుకొంటాడు. ఇసుక గరప నేలలు, నల్లరేగడి చెలకలు, వాన వచ్చినప్పుడు మాత్రమే పారే ఇసుక వాగులు, గట్ల మీద తాటిచెట్లు, ఎడ్ల బండ్లు. పంటలూ అవే: నువ్వు, వేరుశనగ, కంది, పెసర, శనగ, జొన్న, ప్రత్తి. మగ్వే ప్రాంతాన్ని దేశపు నూనెకుండ అంటారు. (భూగర్భంలో ముడిచమురు దొరికే యెనాంగ్‌యౌంగ్ కూడా ఈ ప్రాంతంలోనే ఉండడం ఒక విశేషం.) తాటికల్లును కాచి బెల్లం తీయడం వేలాది కుటుంబాల వేసవి జీవనాధారం. చెట్టెక్కే పని అక్కడా తరువాతి తరం వదులుకొంటున్న వృత్తే.

ఇక్కడి వర్షానికి రెండు శిఖరాలుంటాయి. మే, జూన్ నెలల్లో ఒకటి. ఆగస్టు చివర నుండి అక్టోబరు వరకు మరొకటి. నడుమ జూలైలో బెట్ట తప్పదు. రైతులు తమ పంటల క్రమాన్ని ఈ బెట్టకు అనుగుణంగానే అమర్చుకొన్నారు. తొలకరికి స్వల్పకాలిక నువ్వు వేసి బెట్ట ముదిరేలోపు కోయడం, రెండవ వానలకు మరొక పైరు వేయడం ఒక పద్ధతి. నువ్వులోగాని వేరుశనగలోగాని కందిని సాళ్ళుగా కలిపి విత్తడం మరొకటి. కంది వేరు లోతుకు పోయి బెట్టను ఓర్చుకొంటుంది. తోడు పంట కోతకు వచ్చిన తరువాత రెండవ వానలతో విస్తరించి జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోతకు వస్తుంది. మన మెట్ట రైతులు పాటించే అంతరపంటల తర్కమే ఇది. తేడా అల్లా బెట్ట రాక అక్కడ కొంత నియతంగా ఉండడమే. వాతావరణంలో ఇటీవలి ఒడుదుడుకులు ఆ నియతిని కూడా చెదరగొడుతున్నాయి.

ఇంత ఎండిన నేల మీద బగాన్ వంటి మహానగరం, వేలాది ఇటుక ఆలయాలు ఎట్లా వెలిశాయన్న ప్రశ్నకు సమాధానం మాండలేకు దక్షిణంగా ఉన్న చౌక్సే మైదానంలో ఉంది. షాన్ పీఠభూమి నుండి దిగే జోజీ, పాన్‌లౌంగ్ ఏరులకు అడ్డుకట్టలు వేసి, కాలువలు త్రవ్వి, అక్కడ వరి పండించారు. 11 నుండి 13వ శతాబ్దం వరకు బగాన్ రాజుల ధాన్యాగారం ఇదే. మెయిక్‌టీలా చెరువు, ముూ నది కాలువల క్రింది శ్వేబో మైదానం ఇటువంటివే. శుష్క మండలంలో మాగాణి అంటే కొండల నీరు చేరిన చోటనే. కాకతీయుల చెరువులను ఎరిగినవారికి ఈ నీటి రాజకీయం సులభంగా అర్థమవుతుంది.

ఈ మైదానం క్రింద ఉత్తర దక్షిణాలుగా సగాయిన్ భ్రంశరేఖ సాగుతుంది. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం మాండలే, సగాయిన్ నగరాలను నేలమట్టం చేసినంత పని చేసింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకొన్న తరువాత సాయుధ సంఘర్షణ తీవ్రంగా సాగుతున్నదీ ఈ సగాయిన్, మగ్వే ప్రాంతాలలోనే. కంది, నువ్వు పండే పల్లెల నుండి ప్రజలు ఊళ్ళు విడిచిపోతే తరువాతి పంటకు విత్తేవారుండరు. ఈ లోటు ఎగుమతి లెక్కలలో ఆలస్యంగా కనిపిస్తుంది.

వరద తీసిన నేల: కైంగ్

వర్షాకాలంలో ఐరావతి, చింద్విన్ నదులు అనేక మీటర్ల ఎత్తున పొంగి, అక్టోబరు తరువాత తీస్తాయి. అప్పుడు బయటపడే ఒండ్రు తిన్నెలు, లంకలు కైంగ్ భూములు. గోదావరి లంకల వలెనే వీటికి నీరు పెట్టవలసిన పని తక్కువ; ఎరువు నదే తెస్తుంది. వేరుశనగ, చిక్కుడు జాతి గింజలు, మొక్కజొన్న, ఉల్లి, పొగాకు, కూరగాయలు వేస్తారు. చిక్కు ఒకటే. ఏటా లంక తన చోటు మార్చుకొంటుంది. నిరుటి సరిహద్దు ఈ ఏడు ఉండదు. ఎవరి వాటా ఎంత అన్నది ఊరి పెద్దలు తిరిగి కొలిచి పంచవలసి వస్తుంది. లంక తగాదాలు మనకూ తెలిసినవే గనుక విస్తరించనక్కరలేదు.

డెల్టా: లె భూములు

ఐరావతి హింతాడ పట్టణ పరిసరాలలో పాయలుగా చీలడం మొదలుపెట్టి, తొమ్మిది ప్రధాన ముఖాలతో అండమాన్ సముద్రంలో కలుస్తుంది. ప్రపంచంలో అత్యధికంగా ఒండ్రు మోసే నదులలో ఇది ఒకటి. ఈ ఒండ్రు రాక మీదనే డెల్టా మనుగడ ఆధారపడి ఉంది. నది పుట్టే సంగమం వద్ద తలపెట్టిన మ్యిత్సోన్ ఆనకట్టను ప్రజల వ్యతిరేకత వలన 2011లో నిలిపివేశారు. ఆ వివాదంలో డెల్టా రైతుకూ పాలున్నది ఇందుకే.

ఈ డెల్టాకూ మన గోదావరి డెల్టాకూ ఒక కాకతాళీయమైన సంబంధం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే రెండవ ఆంగ్ల-బర్మా యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. రెండు డెల్టాలూ ఒకే తరంలో ధాన్యపు గాదెలైనాయి. మార్గాలు మాత్రం భిన్నం. గోదావరి డెల్టాలో వర్షపాతం వేయి మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. వరికి అది చాలదు కనుక నీటిని కాలువల ద్వారా తేవలసి వచ్చింది. యాంగాన్ పరిసరాలలో అయిదు నెలల్లో రెండున్నర వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అక్కడ కావలసినది నీటిని తేవడం కాదు, వరదను ఆపడం. అందుచేత అక్కడ కట్టినవి ఆనకట్టలు కావు, కరకట్టలు. రెల్లు దుబ్బులను, మడ అడవులను నరికి లక్షలాది ఎకరాలు సాగులోకి తెచ్చారు. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత ఐరోపా మార్కెట్టు దగ్గరైనది. 1930ల నాటికి ప్రపంచంలో అత్యధికంగా బియ్యం ఎగుమతి చేసే దేశం బర్మాయే.

ఆ గాదెను నింపిన చేతులలో తెలుగువారివి తక్కువేమీ కాదు. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు నుండి ఓడలెక్కినందున వీరిని అక్కడ కోరంగీలు అన్నారు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వరికోతలకు, బియ్యపు మిల్లులకు, రేవు కూలికి ఏటేటా వేలాది మంది పోయేవారు. ఉత్తరాంధ్ర పల్లెలలో ‘రంగం పోవడం’ అన్న మాట రంగూన్ వలసను సూచించేదే. పెట్టుబడి తమిళనాటి చెట్టియార్లది. 1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోగా, అప్పులు తీరక దిగువ బర్మా మాగాణిలో సుమారు నాలుగవ వంతు వారి చేతికి పోయింది. నేల పోగొట్టుకొన్న రైతు కోపం వడ్డీ వ్యాపారితో ఆగలేదు. 1930లో రంగూన్ రేవులో కూలి కోసం జరిగిన ఘర్షణలలో బలైనవారు తెలుగు కూలీలే. 1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులు కొండదారుల వెంట నడిచి వచ్చారు. 1960లలో మరికొంత మంది తిరిగివచ్చారు. బర్మా బియ్యం రాక ఆగిపోవడం 1943 నాటి బెంగాల్ కరవుకు ఒక కారణమన్నది చరిత్రకారులు గుర్తించిన విషయమే.

ఇక సేద్య విషయానికి వస్తే, డెల్టాలో వర్షాకాలపు వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. సుగంధపు పాసాన్ రకానికి డెల్టాలోని పతేన్, ఎగువన శ్వేబో ప్రసిద్ధి చెందినవి. వరి కోసిన తరువాత గోదావరి డెల్టా రైతుకు కాలువ నీటితో దాళ్వా వేసే వీలుంది. ఐరావతి డెల్టాలో నదికి, తోడుకొనే వసతికి దగ్గరగా ఉన్న పొలాలకే ఆ వీలు. 1992 నుండి ప్రభుత్వం వేసవి వరిని ప్రోత్సహించినా, సముద్రానికి దాపున వేసవిలో పాయలలోకి ఉప్పునీరు ఎక్కుతుంది కనుక అది ఎగువ డెల్టాకే ఎక్కువగా పరిమితమైనది. మిగిలిన బరువు నేలల్లో వరి కోసిన వెంటనే, తేమ ఆరి నెర్రెలు పడకముందే, రైతులు మినుమును విత్తుతారు. ఆపై వాన ఉండదు. నేలలో మిగిలిన తేమ, రాత్రి మంచు, అంతే. ఎనభై, తొంభై రోజులలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పైరు కోతకు వస్తుంది. ‘మత్ పే’ అని వారు పిలిచే ఈ మినుము ఐరావతి, బగో ప్రాంతాలలో అధికం. యాంగాన్, బగో పరిసరాలలో ఇదే విధంగా పెసర వేస్తారు.

కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము ఎరిగిన పాఠకులు ఈ వర్ణనలో తమ పొలాన్ని గుర్తుపట్టే ఉంటారు. మనవారు కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడిన వరిలో విత్తనం చల్లుతారు. తేమను పట్టుకోవాలన్న ఆరాటం మాత్రం ఇద్దరిదీ ఒకటే. అదను వారం తప్పితే దిగుబడి తగ్గుతుంది. పూత దశలో అకాల వర్షం వస్తే పైరు పాడవుతుంది. మన వద్ద పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద వలన చాలా గ్రామాలలో మాగాణి మినుము స్థానంలోకి దుక్కి లేని మొక్కజొన్న వచ్చింది. లాం పరిశోధనా స్థానం నుండి ‘ఎల్.బి.జి.’ పేరుతో వచ్చిన మినుము రకాలు ఒకప్పుడు ఈ మాగాణులను నిలబెట్టినవే. మన మాగాణిలో మినుము విస్తీర్ణం తగ్గుతున్నకొద్దీ ఐరావతి మాగాణి మీద మన ఆధారం పెరుగుతున్నదని చెప్పక తప్పదు.

ఆ ఆధారం ఎంత సున్నితమైనదో 2008 మే 2, 3 తేదీలలో నర్గీస్ తుపాను చూపింది. సముద్రపు ఉప్పెన లపుట్టా, బోగలే మండలాల మీదుగా లోపలికి చొచ్చుకువచ్చింది. మరణించినవారు, గల్లంతైనవారు కలిసి సుమారు 1,38,000 మంది. దున్నపోతులు, విత్తనాల గాదెలు కొట్టుకుపోయాయి. వరి నాట్లకు మిగిలిన వ్యవధి కొద్ది వారాలే. మడ అడవులను నరికి చేసిన పొలాలకు అలను అడ్డేది ఏదీ మిగలలేదు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసినవారికి ఆ దృశ్యం పరిచితమే. ఉప్పు పట్టిన నేలను కడగడానికి అక్కడి జడివానలు కొంత తోడ్పడతాయి. ఆ సౌకర్యం మనకు లేదు.

కొండలు: తౌంగ్యా

‘తౌంగ్’ అంటే కొండ, ‘యా’ అంటే మెట్ట. మన అటవీశాస్త్ర విద్యార్థులు పాఠ్యగ్రంథాలలో చదివే ‘టాంగ్యా పద్ధతి’ ఈ బర్మీయ పదమే. 1856లో పెగూ టేకు అడవుల అధికారిగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్, బగో యోమాలో పోడు చేసే కరెన్ రైతుల చేతనే పైరు నడుమ టేకు విత్తనం నాటించే ఏర్పాటు చేశాడు. రెండు మూడేళ్ళు పంట తీసుకొని రైతు ముందుకు సాగితే వెనుక టేకు తోట మిగులుతుంది. బ్రాండిస్ తరువాత 1864లో భారతదేశపు తొలి అటవీ మహాధికారి అయినాడు. పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. వ్యవసాయ అటవీ విధానాలకు దీనిని మార్గదర్శిగా చెబుతారు. అడవి ప్రభుత్వానికి, శ్రమ రైతుకు మిగిలిన ఏర్పాటు ఇదన్న మాట కూడా అక్కడే చెప్పడం న్యాయం. ఆ టేకు అడవులు విచ్చలవిడిగా నరకబడి, చివరకు 2014 ఏప్రిల్ నుండి దుంగల ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది.

షాన్ పీఠభూమి సున్నపురాతి నేల, పైన ఎర్రమట్టి. చల్లని వాతావరణంలో బంగాళాదుంప, గోధుమ, నారింజ, తేయాకు పండుతాయి. తేయాకును పులియబెట్టి తినడం ఆ దేశపు ప్రత్యేకత. ఇన్లే సరస్సు మీద కలుపు మొక్కలు, బురదతో తేలే మళ్ళు కట్టి ఇంతా జాతివారు టమాట పండిస్తారు. చూడడానికి వింతే గాని, పురుగుమందుల వాడకం, చుట్టూ కొండల నుండి దిగే మట్టి కలిసి సరస్సును కుదిస్తున్నాయి. కొండవాలులలో సంకర మొక్కజొన్న విస్తరణ ఆ మట్టికి ఒక కారణం. రోడ్డు లేని ఎత్తైన గ్రామాలలో గసగసాల సాగు, నల్లమందు ఇంకా ఉన్నాయి. 2023లో ఆఫ్ఘనిస్తాన్‌ను దాటి ఈ దేశం నల్లమందు ఉత్పత్తిలో మొదటి స్థానానికి వచ్చిందని ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రకటించింది. బస్తా బంగాళాదుంపను సంతకు దించే ఖర్చు దాని ధరను మించిన చోట, సంచిలో పట్టే నల్లమందు రైతుకు ఆకర్షణీయం కావడంలో వింత లేదు.

పడమటి తీరాన రఖైన్‌లో వరి, దక్షిణాన మోన్, తనింతారీలలో రబ్బరు, పోక, నూనెతాటి తోటలు ప్రధానం. ఉయిన్ భూములంటే ముఖ్యంగా ఇవి, డెల్టా గట్ల మీది అరటి, కొబ్బరి తోటలు.

పప్పుగింజల లంకె

బర్మీయ భాషలో ‘పే’ అంటే చిక్కుడు జాతి గింజ. శనగను ‘కలా పే’ అంటారు. ‘కలా’ అన్నది పడమటి నుండి వచ్చిన విదేశీయులకు, ముఖ్యంగా భారతీయులకు వాడే మాట, అంత గౌరవసూచకం కాదు. కంది, మినుములను వారు స్వయంగా తినేది తక్కువ. పండించేది ప్రధానంగా మన కోసమే. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన పంట ఇది. 2015-16లో మన దేశంలో కందిపప్పు ధర చుక్కలనంటినప్పుడు అక్కడి రైతులు ఆశతో విత్తారు. 2017 ఆగస్టులో, దేశీయ పంట సమృద్ధిగా రావడంతో, భారత ప్రభుత్వం కంది దిగుమతిని ఏడాదికి 2 లక్షల టన్నులకు, మినుము, పెసర కలిపి 3 లక్షల టన్నులకు పరిమితం చేసింది. మగ్వే మెట్టలో కంది ధర కూలిపోయింది. మన రైతును కాపాడడానికి తీసుకొన్న నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయినా దాని దెబ్బ పడినది మన వంటి మరొక మెట్ట రైతు మీదనే.

2021లో రెండు దేశాల నడుమ కుదిరిన అవగాహన ప్రకారం 2021-22 నుండి 2025-26 వరకు ఏటా 2.5 లక్షల టన్నుల మినుము, లక్ష టన్నుల కంది దిగుమతికి మన దేశం అంగీకరించింది. మినుములో బ్రెజిల్ కూడా ఇటీవల పోటీకి వచ్చింది. మన పరిశోధకులు, మార్కెటింగ్ అధికారులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఐరావతి డెల్టా మినుము, కృష్ణా డెల్టా మాగాణి మినుము కోతకు వచ్చేది అవే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. యాంగాన్‌లో కొత్త పంట ధర పలకడం మొదలైన వారంలోనే మన మార్కెట్ యార్డులలోనూ రైతు తన కుప్పను అమ్మకానికి తెస్తాడు. నవంబరు, డిసెంబరులలో ఐరావతి డెల్టాలో వరి కోతలు ఎప్పుడు ముగిసినవి, విత్తనం పడే నాటికి నేలలో తేమ ఎంత ఉన్నది అన్న రెండు సంగతులు తెలిస్తే ఆ ధర ఎటు మొగ్గుతుందో రెండు నెలల ముందుగా అంచనా వేయడం సాధ్యమే.